పదివేలలో ఒక బిడ్డ

రెండు గుంపుల పసిపిల్లలు. మొదటి గుంపులో 10,054 మంది. వీళ్లకు కొత్త టీకా ఇచ్చారు. రెండో గుంపులో 4,633 మంది. వీళ్లకు చూడటానికి టీకాలాగే ఉండే ఉత్త ద్రవం, అంటే ప్లసీబో ఇచ్చారు. పరీక్షలు ముగిసేసరికి మొదటి గుంపులో అయిదుగురికి, రెండో గుంపులో ఒకరికి ఒక అరుదైన పేగు జబ్బు వచ్చింది. టీకా వల్లే వచ్చిందని చెప్పవచ్చా?

లెక్క వేస్తే టీకా పడినవాళ్లలో సుమారు రెండు వేలకు ఒకరు, పడనివాళ్లలో నాలుగున్నర వేలకు ఒకరు. తేడా రెట్టింపు పైమాటే. కానీ రెండో గుంపులో ఇంకొక్క బిడ్డకు ఆ జబ్బు వచ్చి ఉంటే రెండు రేట్లూ దాదాపు సమానమైపోయేవి. ఒక్క బిడ్డతో తారుమారయ్యే తేడాను రుజువుగా ఏ గణాంక నిపుణుడూ ఒప్పుకోడు. అమెరికా నియంత్రణ సంస్థ కూడా ఒప్పుకోలేదు. అలాగని విషయాన్ని దాచనూ లేదు. టీకాతో పాటు వచ్చే సమాచార పత్రంలో ఆ జబ్బు పేరు రాయించి, 1998 ఆగస్టు 31న అనుమతి ఇచ్చింది. ఏడాది తిరక్కుండానే ఆ టీకా వాడకం ఆగిపోయింది.

దాని పేరు రోటాషీల్డ్. పసిపిల్లలకు నీళ్ల విరేచనాలు తెప్పించే రోటావైరస్ మీద అమెరికాలో అనుమతి పొందిన తొలి టీకా అదే. అది కుప్పకూలినప్పుడు ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో పాల్ ఆఫిట్ అనే అంటువ్యాధుల వైద్యుడు అదే వైరస్ మీద మరో టీకా పనిలో ఉన్నాడు. అప్పటికే ఆయన ఆ పనిలో దిగి దాదాపు ఇరవై ఏళ్లు. 1999 జులై తర్వాత ఆయన టీకా ముందున్న ప్రశ్నే మారిపోయింది. పనిచేస్తుందా అన్నది పక్కకు జరిగింది. పదివేలమందిలో ఒక్క బిడ్డకు కీడు చేసినా పట్టుకోవడం ఎలా అన్నది ముందుకొచ్చింది. టీకా పరిశోధకుల జీవితాల గురించి చదివేటప్పుడు ప్రయోగశాలలో మెరిసిన ఆలోచనల గురించే ఎక్కువ వింటాం. నిజానికి ఈ వృత్తిలో ఏళ్లకు ఏళ్లు మింగేసేది ఈ రెండో ప్రశ్న.

రోటావైరస్‌ను 1973లో మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం గుర్తించింది. విరేచనాలతో ఆసుపత్రిలో చేరిన పిల్లల చిన్నపేగు నుంచి తీసిన సూక్ష్మమైన ముక్కలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెడితే గుండ్రటి కణాలు కనిపించాయి. బండి చక్రంలా ఉన్నాయి కనుక లాటిన్‌లో చక్రానికున్న ‘రోటా’ అనే పేరు స్థిరపడింది. ఈ వైరస్‌కు ధనిక, పేద తేడా లేదు. కాచిన నీళ్లు తాగినా, చేతులు సబ్బుతో కడిగినా కలరాలా ఇది పూర్తిగా తగ్గదు. అయిదేళ్లు నిండేలోపు ప్రపంచంలో దాదాపు ప్రతి బిడ్డకూ కనీసం ఒక్కసారైనా సోకుతుంది. తేడా వచ్చేది సోకిన తర్వాత. వాంతులు, విరేచనాలు ఒకేసారి మొదలైతే నోటి ద్వారా పోసిన నీళ్లు లోపల నిలవవు. మాడు గుంటపడుతుంది, కళ్లు లోపలికి పోతాయి, ఏడ్చినా కన్నీరు రాదు. సెలైన్ ఎక్కించే ఆసుపత్రి దగ్గర్లో ఉంటే బిడ్డ రెండు మూడు రోజుల్లో లేచి ఆడుకుంటుంది. లేకపోతే లేదు.

ఆసుపత్రి ఉన్నా ఒక్కోసారి లేదు. 1979లో పిట్స్‌బర్గ్ పిల్లల ఆసుపత్రిలో ఆఫిట్ రెసిడెంట్ డాక్టరుగా పనిచేస్తున్నప్పుడు ఆయన చూస్తుండగానే తొమ్మిది నెలల బిడ్డ రోటావైరస్‌తో ఒంట్లో నీరు ఇంకిపోయి చనిపోయింది. అంత బిడ్డకు, ఒళ్లు అంతగా ఎండిపోయాక, సూది గుచ్చడానికి నరం దొరకడమే కష్టం. విరేచనాల చావు పేద దేశాల సంగతి అనుకునే అమెరికా వైద్యులకు ఇది పాఠ్యపుస్తకంలో లేని అనుభవం. అమెరికాలో ఏటా 55,000 నుంచి 70,000 మంది పిల్లలు ఈ వైరస్‌తో ఆసుపత్రిలో చేరేవారు. చనిపోయేవారు మాత్రం 20 నుంచి 60 మంది. ఈ రెండో సంఖ్యను పక్కన పెట్టుకోవాలి, మళ్లీ అవసరమవుతుంది.

ఆఫిట్ బాల్యంలోని ఒక సంగతిని ఆయన గురించి రాసేవాళ్లెవరూ వదిలిపెట్టరు. 1951లో బాల్టిమోర్‌లో పుట్టిన ఆయనకు పాదం వంకర. అయిదేళ్ల వయసులో ఆపరేషన్ చేసి పోలియో పిల్లల వార్డులో కొన్ని వారాలు ఉంచారు. ఆ రోజుల్లో చూడటానికి వచ్చేవాళ్లను వారానికి ఒక్క గంటే లోపలికి రానిచ్చేవారు. కాళ్లకు కట్లతో, ఇనుప ఊపిరితిత్తుల యంత్రాల్లో ఉన్న పిల్లల మధ్య కిటికీలోంచి బయటికి చూస్తూ గడిపిన రోజులు తనను పిల్లల వైద్యుడిని చేశాయని ఆయనే చెప్పుకున్నాడు. కావచ్చు. కానీ అలాంటి వార్డుల్లో పెరిగిన పిల్లలందరూ టీకాలు కనిపెట్టలేదు. ఆయన దారి మలుపు తిరిగింది 1980లో, అంటువ్యాధుల వైద్యంలో శిక్షణకు ఫిలడెల్ఫియా చేరి ఇద్దరు పెద్దల చేతికింద పడ్డప్పుడు.

ఒకరు స్టాన్లీ ప్లాట్కిన్. ఇప్పటికీ ప్రపంచమంతటా వాడుతున్న రుబెల్లా టీకాను విస్టార్ సంస్థలో తయారు చేసినవాడు. రెండోవాడు ఫ్రెడ్ క్లార్క్, చదువు రీత్యా పశువైద్యుడు. పిల్లల టీకాకు పశువైద్యుడేమిటనిపిస్తుంది కానీ వ్యాక్సిన్ అనే మాటకే మూలం లాటిన్‌లో ఆవు. మశూచికి జెన్నర్ ఆవు జబ్బుతో చేసిన పనినే ఇక్కడా చేయాలన్నది వాళ్ల ఆలోచన. దూడ పేగులో పెరగడానికి అలవాటు పడిన వైరస్ మనిషి బిడ్డ పేగులో పెద్దగా పెరగలేదు, జబ్బు తెప్పించలేదు. అయినా శరీరం దాన్ని గుర్తుపడుతుంది. 1981లో పెన్సిల్వేనియాలో విరేచనాలు పట్టుకున్న ఒక దూడ నుంచి వైరస్‌ను తీశారు. విస్టార్ దూడ అన్న అర్థంలో దానికి డబ్ల్యూసీ3 అని పేరు పెట్టారు.

ఆ దూడ వైరస్‌నే నేరుగా పిల్లలకు ఇచ్చి చూశారు. ఫిలడెల్ఫియాలో బాగానే కాపాడింది. సిన్సినాటిలో, మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లో కాపాడలేదు. ఒకే మందు ఒక ఊళ్లో పనిచేసి ఇంకో ఊళ్లో చేయకపోవడం పరిశోధకుడికి పూర్తి వైఫల్యం కంటే చిరాకైన ఫలితం. పూర్తిగా విఫలమైతే వదిలేసి ఇంకో పని చూసుకోవచ్చు. సగం ఫలించిందంటే ఆలోచనలో ఏదో సరైనదే ఉంది, ఏదో లోపించింది. ఆ లోపించిందేమిటో పట్టుకోవడం ఆఫిట్ వంతయింది.

ఇక్కడ రోటావైరస్ నిర్మాణం గురించి కొంచెం చెప్పుకోవాలి. దీని జన్యు పదార్థం ఒకే పోగులా ఉండదు, 11 వేర్వేరు ముక్కలుగా ఉంటుంది. ఒకే కణంలోకి రెండు రకాల వైరస్‌లు ఒకేసారి దూరితే వాటి ముక్కలు కలగలిసిపోతాయి. ఎర్ర పేక పదకొండు ముక్కలు, నీలం పేక పదకొండు ముక్కలు కలిపి పంచినట్టు అనుకోవచ్చు. ఒకటో నంబరు ఎర్రది, రెండోది నీలం, మూడోది మళ్లీ నీలం, ఇలా ఎన్ని రకాల చేతులైనా పడవచ్చు. పుట్టిన వైరస్‌లలో ఏది ఎక్కడి నుంచి ఏ ముక్క తెచ్చుకుందో తెలుసుకోవడానికి ఆ జన్యు ముక్కలను జెల్ పలక మీద పోసి విద్యుత్తు పారిస్తారు. పెద్ద ముక్కలు నెమ్మదిగా, చిన్నవి చురుగ్గా కదిలి నిచ్చెన మెట్లలా విడిపోతాయి. దూడ వైరస్ మెట్ల వరుస ఒక తీరు, బిడ్డ వైరస్ వరుస ఇంకో తీరు. కొత్త వైరస్ వరుసను రెండింటి పక్కన పెట్టి మెట్టు మెట్టు పోల్చుకుంటూ పోవాలి. ఎనభైల దశకంలో ఆఫిట్ ఏళ్లు చాలావరకు ఎలుక పిల్లలతోనూ, ఇలాంటి పలకలతోనూ గడిచాయి.

ఆ పనిలోంచి తేలింది చిన్నదిగా కనిపించే పెద్ద విషయం. శరీరం వైరస్‌ను అడ్డుకునే ప్రతిరక్షకాలను తయారు చేయడానికి గురిగా పెట్టుకునేది పై పొరలోని రెండు ప్రోటీన్లను. అవి వీపీ4, వీపీ7. ఈ రెండూ విడివిడిగానే రక్షణ రప్పించగలవు. జబ్బు తీవ్రత మాత్రం మిగతా ముక్కలతో కూడా ముడిపడి ఉంది. అంటే పది ముక్కలు దూడవి, పై పొర ముక్క ఒక్కటి మాత్రం బిడ్డది అయిన వైరస్‌ను ఏరుకుంటే, లోపల సాధువుగానూ బయటికి అసలు శత్రువులానూ ఉంటుంది. పిల్లల్లో ఎక్కువగా తిరిగే నాలుగు రకాల వీపీ7కు ఒక్కొక్కటి చొప్పున నాలుగు, ముఖ్యమైన వీపీ4కు ఒకటి, మొత్తం అయిదు సంకర వైరస్‌లు. వాటిని కలిపి నోట్లో పోసే మందుగా చేశారు. తర్వాత రోటాటెక్ అయింది ఇదే. 1990ల తొలినాళ్లలో మెర్క్ కంపెనీ దీన్ని చేపట్టింది.

ఈలోగా ఇదే ఉపాయంతో, దూడకు బదులు రీసస్ కోతి వైరస్‌ను వాడి, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో ఆల్బర్ట్ కపికియన్ బృందం ముందుకు దూసుకుపోయింది. వాళ్ల టీకాయే రోటాషీల్డ్.

దాన్ని ముంచిన జబ్బు ఇంటస్ససెప్షన్. పేగులోని ఒక భాగం దూరదర్శిని గొట్టంలా ముందున్న భాగంలోకి దూరిపోతుంది. బిడ్డ ఉన్నట్టుండి కాళ్లు పొట్టలోకి ముడుచుకుని గుక్కపట్టి ఏడుస్తుంది, కాసేపు ఊరుకుంటుంది, మళ్లీ ఏడుస్తుంది. రక్తం, జిగురు కలిసిన విరేచనం అవుతుంది. సకాలంలో ఆసుపత్రికి తెస్తే గాలినో ద్రవాన్నో కింది నుంచి ఎక్కించి పేగును వెనక్కి నెట్టవచ్చు. కుదరకపోతే ఆపరేషన్. ఆలస్యమైతే పేగు కుళ్లుతుంది. ఏ టీకా లేకుండానే పిల్లలకు ఇది వస్తుంటుంది, అదీ సరిగ్గా టీకాలు వేసే మొదటి ఏడాదిలోనే. అందుకే నేరం ఎవరిదో తేల్చడం కష్టం.

అనుమతి వచ్చిన పది నెలలకల్లా అమెరికాలో టీకాల దుష్ప్రభావాలను నమోదు చేసే వ్యవస్థకు 15 కేసులు చేరాయి. సంఖ్య చిన్నదే. దాన్ని పట్టించుకునేలా చేసింది తేదీలు. ఆ 15 మందిలో 13 మందికి జబ్బు వచ్చింది మొదటి మోతాదు తర్వాతే. 12 మందికి ఏదో ఒక మోతాదు పడిన వారంలోపే లక్షణాలు మొదలయ్యాయి. కాకతాళీయమైతే కేసులు అన్ని వారాల్లోనూ చెదిరి ఉండాలి కదా. 1999 జులై 16న వాడకం ఆపమన్నారు, అక్టోబరులో కంపెనీ టీకాను వెనక్కి తీసుకుంది. తర్వాత జరిగిన అధ్యయనాలు ముప్పును సుమారు పదివేలకు ఒకటిగా లెక్కగట్టాయి. మూడు నెలలు దాటాక మొదటి మోతాదు పడిన పిల్లల్లోనే అది ఎక్కువగా కనిపించింది.

ఇక్కడ ఆఫిట్ కథలో ఒక ఇబ్బందికరమైన పేజీ ఉంది. 1998 అక్టోబరు నుంచి ఆయన అమెరికా ప్రభుత్వ టీకా సలహా సంఘంలో సభ్యుడు. మెర్క్ తయారు చేస్తున్న రోటావైరస్ టీకా పేటెంటులో వాటాదారు కూడా. అలాంటి మనిషి రోటాషీల్డ్‌కు సంబంధించిన కొన్ని తీర్మానాలకు అనుకూలంగా ఓటు వేశాడు. దాని సిఫారసును రద్దు చేసే ఓటింగులో మాత్రం పాల్గొనలేదు. 2000లో అమెరికా ప్రతినిధుల సభ సంఘం దీన్ని తప్పుపట్టింది. ఆయన ఓటు వేసింది పోటీ కంపెనీ టీకాకు అనుకూలంగా కదా, స్వలాభం ఎక్కడుందని సమర్థించేవాళ్లు అంటారు. ఒక రోటావైరస్ టీకాకు దారి పడితే తర్వాతిదానికీ పడుతుందని విమర్శకుల వాదన. ఏ వాదన బలమైనదైనా, టీకాలో వాటా ఉన్నవాడు ఆ జబ్బు టీకా మీద ఓటే వేయకుండా ఉండాల్సింది. నిబంధన అనుమతించినంత మాత్రాన చూసేవాళ్ల అనుమానం తీరదు. 2008లో ఫిలడెల్ఫియా ఆసుపత్రి రోటాటెక్ మీద తనకున్న రాయల్టీ హక్కును 18.2 కోట్ల డాలర్లకు అమ్ముకున్నప్పుడు ఈ పాత పేజీని మళ్లీ తిరగేశారు. టీకాలను వ్యతిరేకించేవాళ్లకు ఇది ఇప్పటికీ ఇష్టమైన ఆయుధం. ఆయనకు చంపుతామన్న బెదిరింపులు కూడా వచ్చాయి. అవి విమర్శ కిందికి రావని వేరే చెప్పనక్కరలేదు.

మళ్లీ లెక్కల్లోకి. రోటాషీల్డ్ పతనం తర్వాత రోటాటెక్‌ను ఎంతమంది మీద పరీక్షించాలి? ఈ టీకా కూడా పదివేలకు ఒక బిడ్డకు హాని చేస్తుందనుకుంటే, పదివేలమందికి వేసి చూస్తే అదనంగా కనిపించేది ఒక్క కేసు. అసలు కనిపించకపోవచ్చు కూడా. మామూలుగా వచ్చే కేసుల మధ్య ఆ ఒక్కటీ కలిసిపోతుంది. ముప్పైవేలకు పైగా పిల్లలకు టీకా, అంతేమందికి ప్లసీబో ఇస్తే మూడు నాలుగు కేసుల తేడా కనిపించే అవకాశముంటుంది. అదీ వారంలోపు, రెండు వారాల్లోపు అని తేదీలవారీగా చూస్తేనే. అందుకని 11 దేశాల్లో సుమారు 70 వేల మంది శిశువులతో పరీక్ష జరిగింది. ఎక్కువమంది అమెరికా, ఫిన్లాండ్ పిల్లలు. అనుమతికి ముందు జరిగిన టీకా పరీక్షల్లో ఇది చాలా పెద్దవాటిలో ఒకటి. మొదటి మోతాదు ఆరు నుంచి పన్నెండు వారాల వయసులోనే ఇచ్చారు. అందులో రోటాషీల్డ్ అనుభవం ముద్ర కనిపిస్తుంది. మధ్యమధ్యలో కేసులు లెక్కపెడుతూ, తేడా గీత దాటితే పరీక్షను అక్కడికక్కడే ఆపేసే అధికారం ఒక స్వతంత్ర సంఘానికి ఇచ్చారు.

ఆ సంఘంలో ఉన్నవాళ్లకు తప్ప ఎవరికీ ఏ బిడ్డకు టీకా పడిందో, ఏ బిడ్డకు ప్లసీబో పడిందో తెలియదు. ఆఫిట్‌కూ తెలియదు. పాతికేళ్ల పని ఆ సంఘం చేతిలో మూసిన కవరులో ఉంది.

2006 జనవరిలో ఫలితాలు అచ్చయ్యాయి. ఏదైనా మోతాదు పడిన 42 రోజుల్లోపు ఇంటస్ససెప్షన్ వచ్చింది టీకా పడినవాళ్లలో ఆరుగురికి, ప్లసీబో పడినవాళ్లలో అయిదుగురికి. మొదటి మోతాదు తర్వాత 42 రోజుల్లో టీకా గుంపులో ఒక్కరికీ రాలేదు. ఏడాది మొత్తం మీద చూస్తే టీకా గుంపులో 12, ప్లసీబో గుంపులో 15. తీవ్రమైన రోటావైరస్ విరేచనాల నుంచి టీకా 98 శాతం రక్షణ ఇచ్చింది. ఆ ఫిబ్రవరిలోనే అనుమతి వచ్చింది. ఆయన ఈ పని మొదలుపెట్టిన ఏడాది పుట్టిన పిల్లలకు అప్పటికి తమ పిల్లలకు ఈ టీకా వేయించే వయసు వచ్చేసింది.

తర్వాత కోట్లమందికి వేశాక, ఈ టీకాకూ దీని పోటీదారు రోటారిక్స్‌కూ చిన్న ముప్పు ఉందని తేలింది. ఇరవై వేలకు ఒకటి మొదలు లక్షకు ఒకటి దాకా అంచనాలున్నాయి. 70 వేల మంది పరీక్షకు చిక్కనంత చిన్నది అది. పరీక్ష ఎంత పెద్దదైనా దాని వలకున్న కన్ను కంటే చిన్న చేప తప్పించుకుంటుంది. ఈ సంగతి తెలిసి కూడా వాడకం ఆపలేదు. ఆపకపోవడం సరైనదే. ఎందుకో తెలియాలంటే కథ అమెరికా దాటాలి.

1999లో రోటాషీల్డ్‌ను వెనక్కి తీసుకున్నప్పుడు దాని భారం అమెరికా పిల్లల మీద పెద్దగా పడలేదు. ఏటా 20 నుంచి 60 చావులున్న దేశం అది. ఆసుపత్రులున్నాయి, మరో టీకా వచ్చేదాకా ఆగగలదు. కానీ అమెరికా తన పిల్లలకు వద్దన్న మందును పేద దేశాలు ఎలా తీసుకుంటాయి? ఏ ఆరోగ్య మంత్రి సంతకం పెడతాడు? ఇక్కడే రెండు లెక్కలు వేరవుతాయి. ఒక అధ్యయనం ప్రకారం 2005లో భారతదేశంలో రోటావైరస్‌తో చనిపోయిన పిల్లలు సుమారు 1,13,000 మంది. ఏటా పుట్టే రెండున్నర కోట్ల పిల్లలకూ రోటాషీల్డ్ వేసి ఉంటే పదివేలకు ఒకటి చొప్పున సుమారు 2,500 ఇంటస్ససెప్షన్ కేసులు వచ్చేవనుకోవాలి. టీకా సగమే పనిచేసినా తప్పే చావులు యాభై వేల పైమాటే. కాగితం మీద తీర్పు తేలికే. అయితే కాగితం చెప్పని సంగతి ఒకటుంది. అమెరికాలో ఇంటస్ససెప్షన్ వచ్చిన బిడ్డ గంటలో ఆసుపత్రికి చేరుతుంది. మన మారుమూల తండాలో చేరకపోవచ్చు. ఇంకో మాట. టీకాతో చనిపోయిన బిడ్డకు పేరుంటుంది, ఫొటో పత్రికలో పడుతుంది. టీకా వల్ల చావు తప్పిన బిడ్డ ఎవరో ఎవరికీ తెలియదు, ఆ తల్లికి కూడా. పాలకులు మొదటి దానికే భయపడతారు.

భారతదేశంలో జవాబు వేరే దారిలో వచ్చింది. ఢిల్లీ ఎయిమ్స్‌లో పిల్లల వైద్యుడు మహారాజ్ కిషన్ భాన్. చిన్నపిల్లల జీర్ణకోశ వ్యాధులు ఆయన ప్రత్యేకత, ఓఆర్ఎస్‌ను మెరుగుపరిచే పరిశోధనల్లోనూ పాలుపంచుకున్నారు. 1980ల మధ్యలో ఆసుపత్రిలోని నవజాత శిశువుల గదిలో రోటావైరస్ తిరుగుతున్నట్టు ఆయన బృందం గమనించింది. వింతేమిటంటే ఆ పిల్లలకు విరేచనాలు కాలేదు. ఇళ్లకు వెళ్లాక కూడా వాళ్లను వదలకుండా గమనిస్తే, మిగతా పిల్లల కంటే వీళ్లకు తర్వాత రోటావైరస్ జబ్బు తక్కువగా వచ్చింది. ఫిలడెల్ఫియాలో ఏళ్ల తరబడి పేక కలిపి పంచి సాధించినదాన్ని ఢిల్లీలో ప్రకృతే చేసి పెట్టింది. ఆ పిల్లల్లో దొరికిన 116ఈ అనే వైరస్‌లో పది ముక్కలు మనిషివి, ఒక్కటి పశువుది. పుట్టుకతోనే సంకరం, పుట్టుకతోనే సాధువు.

అదృష్టం అంతవరకే. దాన్ని టీకాగా మార్చడానికి మరో పాతికేళ్లు పైగా పట్టింది. భాన్‌తో పాటు అమెరికా శాస్త్రవేత్త రోజర్ గ్లాస్, అంతర్జాతీయ దాతలు, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం కలిశాయి. తయారీ బాధ్యత హైదరాబాద్ శివారు జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్‌ది. మోతాదు ధర ఒక డాలరుకు మించకూడదన్నది ముందే పెట్టుకున్న షరతు. అమెరికాలో విడుదలైన నాడు రోటాటెక్ మూడు మోతాదుల ధర 187.50 డాలర్లు. ఈ రెండు సంఖ్యలను పక్కపక్కన పెడితే చాలు, మన దేశానికి సొంత టీకా ఎందుకు కావలసి వచ్చిందో వివరించే పని ఉండదు. భాన్ 2004 నుంచి 2012 వరకు బయోటెక్నాలజీ విభాగం కార్యదర్శిగా ఉన్నారు. 2020 జనవరి 26న మరణించారు.

ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది శిశువుల మీద మూడో దశ పరీక్ష జరిగింది. తీవ్రమైన రోటావైరస్ విరేచనాల నుంచి రక్షణ 53.6 శాతం. 98 ఎక్కడ, 53.6 ఎక్కడ అని చాలామంది పెదవి విరిచారు. కానీ రోటాటెక్‌ను కూడా బంగ్లాదేశ్, వియత్నాంలలో పరీక్షిస్తే 48 శాతమే వచ్చింది. ఆఫ్రికా దేశాల్లో 39. నోటి ద్వారా ఇచ్చే టీకాలు పేద ప్రాంతాల పిల్లల్లో బలహీనపడటం పాత అనుభవమే. తల్లి నుంచి వచ్చిన ప్రతిరక్షకాలు, పేగులో అప్పటికే తిష్ఠవేసిన ఇతర సూక్ష్మజీవులు, పోషకాహార లోపం వంటి కారణాలు చెబుతారు. దేని వాటా ఎంతో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. అయినా, పక్కన పెట్టుకున్న ఆ సంఖ్యను ఇప్పుడు బయటికి తీస్తే, 60 చావుల్లో 98 శాతం తగ్గించే టీకా కంటే లక్ష చావుల్లో సగం తగ్గించే టీకా చేసే మేలు వందల రెట్లు పెద్దది. శాతాలు మాత్రమే చూసి టీకాలను పోల్చడం ఎంత పొరపాటో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

భద్రత సంగతికొస్తే పాత ప్రశ్నే మళ్లీ ఎదురైంది. ఈ పరీక్షలో టీకా గుంపులో ఆరు, ప్లసీబో గుంపులో రెండు ఇంటస్ససెప్షన్ కేసులు. టీకా పడినవాళ్లు ప్లసీబో వాళ్లకు రెట్టింపు కనుక ఆరుకు రెండు కాదు, ఆరుకు నాలుగు అని చదువుకోవాలి. కేసులన్నీ మూడో మోతాదు తర్వాతే వచ్చాయి. ముప్పు ఉన్నట్టా, లేనట్టా? 1998లో అయిదుకు ఒకటి దగ్గర ఎలా చెప్పలేకపోయారో ఇక్కడా అంతే. 6,799 మందితో పదివేలలో ఒకటిని పట్టుకోలేరు. కేంద్రాలవారీ వివరాలు బయటపెట్టమని కొందరు ఆరోగ్య కార్యకర్తలు గట్టిగా అడిగారు, కోర్టుకూ వెళ్లారు. వాళ్లను టీకా వ్యతిరేకులని కొట్టిపారేయడం తేలిక, కానీ వాళ్లు అడిగింది సరైన ప్రశ్నే.

టీకా మంచిదన్నవాడల్లా ప్రతి టీకాకూ తలూపాలని కొందరికి ఉంటుంది. ఆఫిట్ తర్వాతి జీవితం దానికి కుదరదు. 2002లో, ప్రపంచంలో ఎక్కడా లేని మశూచికి అమెరికాలో మళ్లీ టీకాలు వేసే పథకం సలహా సంఘం ముందుకు వచ్చినప్పుడు వ్యతిరేకించింది ఆయన ఒక్కడే. జబ్బే లేనప్పుడు ఆ టీకాకున్న ముప్పును ఏ లాభంతో తూచాలన్నది ఆయన వాదన. 2022 జూన్‌లో కోవిడ్ బూస్టర్‌కు కొత్త రకం వైరస్‌ను చేర్చే తీర్మానం 19-2తో నెగ్గినప్పుడు ఆ ఇద్దరిలో ఆయన ఒకడు. ఈ ఓట్లు సరైనవా కావా అన్నది వేరే చర్చ. చేతిలో ఉన్న తూకం మాత్రం రోటాషీల్డ్ నాటిదే.

భారత్ బయోటెక్ టీకా రోటావాక్ అనే పేరుతో 2015 మార్చిలో విడుదలైంది. 2016లో సార్వత్రిక టీకా కార్యక్రమంలో చేర్చిన మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మిగతావి ఒడిశా, హరియాణా, హిమాచల్ ప్రదేశ్. ఆరు, పది, పద్నాలుగు వారాలకు అయిదేసి చుక్కలు. పోలియో చుక్కలకు అలవాటు పడిన తల్లులకు ఏఎన్ఎం కొత్తగా చెప్పాల్సింది పెద్దగా లేకపోయింది. 2018 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత, అంటే ఐక్యరాజ్య సమితి సంస్థలు కొనడానికి తగినదన్న గుర్తింపు, ఇచ్చింది.

2016 ఏప్రిల్ నుంచే దేశంలోని 27 ఆసుపత్రుల్లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల నాయకత్వంలో మరో పని మొదలైంది. ఇంటస్ససెప్షన్‌తో వచ్చిన ప్రతి పసిబిడ్డ వివరాలూ రాసుకున్నారు. 2019 జూన్ వరకు 970 మంది. విశ్లేషణకు తీసుకున్నది 28 రోజుల నుంచి ఏడాది లోపు వయసున్న 589 మందిని. దీనికి ప్లసీబో గుంపు అక్కర్లేదు. ప్రతి బిడ్డా తనకు తానే పోలిక. తల్లి సంచిలోంచి తీసిచ్చే టీకాల కార్డులో చుక్కలు పడిన తేదీ ఉంటుంది, ఆసుపత్రి పుస్తకంలో కడుపునొప్పి మొదలైన తేదీ ఉంటుంది. రెండింటి మధ్య రోజులు లెక్కపెట్టాలి. టీకాది తప్పయితే కేసులు మోతాదు తర్వాతి మొదటి వారంలో, మూడు వారాల్లోపు గుమిగూడాలి, 1999లో అమెరికాలో ఆ పన్నెండు మందికి జరిగినట్టు. ఇక్కడ గుమిగూడలేదు. మొదటి మోతాదు తర్వాత గానీ, రెండో, మూడో మోతాదుల తర్వాత గానీ ముప్పు పెరిగిన జాడ దొరకలేదని 2020లో ప్రకటించారు. మూడో దశ పరీక్ష చెప్పలేకపోయిన జవాబు, టీకా అప్పటికే లక్షల మంది పిల్లల నోట్లో పడ్డాక, ఆ కార్డుల మీది చేతిరాత తేదీల్లోంచి దొరికింది.